బ్యారెల్‌లో మిగిలేదెంత? విశాఖ చమురుశుద్ధి కర్మాగారం: గిరాకీ, ధర, మార్జిన్

పరిచయం

ఉమ్మడి ప్రకాశం జిల్లా చంద్రశేఖరపురంలో ఒక రైతు ట్రాక్టరుకు డీజిల్ పోయించుకుని బంకులో డబ్బు కడితే, ఆ డబ్బు నాలుగైదు చేతుల్లోకి పోతుంది. అందులో ముడిచమురు ఖరీదు ఉంటుంది. ముడిచమురును డీజిల్‌గా మార్చినందుకు శుద్ధి కర్మాగారానికి మిగిలే భాగం ఉంటుంది. రవాణా ఖర్చు, డీలరు కమిషను ఉంటాయి. వీటిమీద కేంద్రం ఎక్సైజు సుంకం, రాష్ట్రం వ్యాట్ వేస్తాయి. పన్నుల గురించి పత్రికలు రోజూ రాస్తాయి, ముడిచమురు ధర టీవీలో కనిపిస్తూనే ఉంటుంది. శుద్ధి కర్మాగారానికి మిగిలేది ఎంత అన్నది మాత్రం ఎవరూ అడగరు. ఈ పాఠం ఆ భాగం గురించి.

ముందు నిర్వచనం చూద్దాం. ఒక బ్యారెల్ అంటే 159 లీటర్లు. ఒక బ్యారెల్ ముడిచమురును శుద్ధి చేస్తే వచ్చే పెట్రోలు, డీజిల్, కిరోసిన్, వంటగ్యాసు, నాఫ్తా, ఫర్నేస్ ఆయిలు అన్నింటి విలువను కలిపి, అందులోంచి ముడిచమురు ఖరీదు తీసేస్తే మిగిలేది స్థూల శుద్ధి మార్జిన్. జీతాలు, మరమ్మతులు, వడ్డీలు, తరుగుదల అన్నీ ఈ మార్జిన్‌లోంచే పోవాలి.

విశాఖపట్నం రిఫైనరీని నడుపుతున్న హిందుస్థాన్ పెట్రోలియం కార్పొరేషన్, అంటే హెచ్‌పీసీఎల్, 2024-25లో తన రిఫైనరీల సగటు మార్జిన్ బ్యారెల్‌కు 5.74 డాలర్లని ప్రకటించింది. లెక్క వేస్తే లీటరుకు సుమారు మూడు రూపాయలు. 2022-23లో అది 12.09 డాలర్లు, అంటే లీటరుకు ఆరు రూపాయలు. మార్జిన్ రెట్టింపుకు పైగా ఉన్న ఆ 2022-23లోనే కంపెనీకి 8,974 కోట్ల రూపాయల నికర నష్టం వచ్చింది. శుద్ధిలో అంత మిగిలినప్పుడు మొత్తం మీద అంత నష్టం ఎలా వచ్చింది? దీనికి జవాబు ఆ ఒక్క సంవత్సరపు లెక్కల్లో దొరకదు. మార్జిన్ అనేది రెండు ధరల మధ్య తేడా. ఆ రెండు ధరలనూ ఏ కాలంలో ఎవరు నిర్ణయించారో తెలిస్తేనే చిక్కు విడుతుంది.

కిరసనాయిలు డబ్బాల కాలం

మెట్ట ప్రాంతాల పల్లెల్లో ఆముదపు దీపం స్థానంలోకి కిరసనాయిలు బుడ్డి రావడం పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాల మార్పు. మొదట అమెరికా నుంచి, తరువాత రష్యాలోని బాకూ నుంచి, ఆ పైన బర్మా నుంచి కిరోసిన్ ఓడల్లో మన తీరానికి వచ్చేది. బర్మా ఆయిల్ కంపెనీ 1886లో ఏర్పడింది. కోరంగి రేవు నుంచి, కోస్తా జిల్లాల నుంచి కూలికి రంగూను వెళ్లిన తెలుగువారు రేవులోనూ మిల్లుల్లోనూ పనిచేసిన రోజులవే. నాలుగు గ్యాలన్ల రేకు డబ్బాల్లో వచ్చిన నూనె కొట్టులో కొలతల మీద అమ్ముడుపోయేది. ఖాళీ డబ్బా మాత్రం ఊళ్లో ఏళ్ల తరబడి నీళ్లు తోడటానికో గింజలు దాచుకోవడానికో పనికొచ్చేది.

ఆనాడు గిరాకీ అంటే దీపం. ధర ఎక్కడ నిర్ణయమయ్యేది? 1927లో అమెరికన్ కంపెనీ అయిన స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ న్యూయార్క్ సోవియట్ కిరోసిన్ కొని భారతదేశంలో అమ్మింది. రాయల్ డచ్-షెల్ దానికి ప్రతిగా ధరలు తెగ్గోసింది. మన కొట్లలో మొదలైన ఈ ధరల పోరు ఇతర దేశాల మార్కెట్లకూ పాకింది. 1928లో స్కాట్లండులోని అక్నకారీ కోటలో పెద్ద కంపెనీల అధిపతులు కూర్చుని, ఎవరి మార్కెట్ వాటా వారిదేనని ఒప్పుకోవడంతో పోరు చల్లారింది. చమురు ఏ దేశంలో పుట్టినా ధరను మాత్రం అమెరికాలోని మెక్సికో గల్ఫ్ రేవు ధరకు అక్కడి నుంచి ఓడ కిరాయి కలిపి లెక్కగట్టే పద్ధతి స్థిరపడింది. దగ్గరి నుంచి వచ్చిన నూనెకు కూడా, రాని దూరానికి కిరాయి కట్టినట్టన్నమాట.

1953 ఒప్పందం

1951లో ఇరాన్ ప్రధాని మొసాదెక్ చమురు పరిశ్రమను జాతీయం చేశాక అబాదాన్ రిఫైనరీ మూతపడింది. ఒకే చోట పెద్ద రిఫైనరీ పెట్టి చుట్టుపక్కల దేశాలకు సరుకు పంపే పద్ధతి ఎంత ప్రమాదకరమో కంపెనీలకు అర్థమైంది. విదేశీ మారకద్రవ్యం ఆదా కావాలని కోరుతున్న భారత ప్రభుత్వానికి ఇది కలిసొచ్చింది. 1951లో స్టాన్‌వాక్, బర్మా-షెల్ కంపెనీలతోనూ, 1953లో కాల్టెక్స్‌తోనూ ఒప్పందాలు కుదిరాయి. మొదటి రెండు రిఫైనరీలు బొంబాయి ట్రాంబేలో వెలిశాయి. కాల్టెక్స్ విశాఖపట్నాన్ని ఎంచుకుంది. 1933లో తెరిచిన రేవు, పక్కన ఖాళీ నేల, తూర్పు తీరంలో పోటీ రిఫైనరీ లేకపోవడం అందుకు అనుకూలించాయి.

ఒక చిన్న విశేషం. 1953 మొదట్లో ఒప్పందం కుదిరినప్పుడు విశాఖ మద్రాసు రాష్ట్రంలో ఉంది. అదే సంవత్సరం అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. 1957లో మల్కాపురం వద్ద రిఫైనరీ పని మొదలుపెట్టేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. చంద్రశేఖరపురం అప్పుడు నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాలోది. ప్రకాశం జిల్లా 1970లో గాని ఏర్పడలేదు.

విశాఖ రిఫైనరీ మొదటి సామర్థ్యం ఏడాదికి 6.75 లక్షల టన్నులు. ఒప్పందంలో కంపెనీకి దక్కిన హామీలను గమనించండి. 25 ఏళ్లపాటు జాతీయం చేయకూడదు. ఉత్పత్తులకు దిగుమతి సుంకం రూపంలో రక్షణ ఉంటుంది. అన్నింటికంటే ముఖ్యంగా, ముడిచమురు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో కంపెనీ ఇష్టం.

ఈ చివరి హామీ దగ్గరే మార్జిన్ కథ ఉంది. కాల్టెక్స్ అనేది స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా, టెక్సాస్ కంపెనీలు 1936లో సమాన భాగాలతో పెట్టిన సంస్థ. సౌదీ అరేబియాలోని అరాంకోలో ఆ రెండింటికీ వాటాలున్నాయి. అంటే బావి దగ్గర ముడిచమురు అమ్మేవారు, విశాఖలో కొనేవారు ఒకే ఇంటివారు. అమ్మిన ధర పెంచితే లాభం బావి దగ్గర కనిపిస్తుంది, తగ్గిస్తే రిఫైనరీ దగ్గర కనిపిస్తుంది. 1950లో సౌదీ ప్రభుత్వంతో లాభాలను చెరిసగం పంచుకునే ఏర్పాటు జరిగాక, అక్కడ కట్టిన పన్నును అమెరికాలో కట్టాల్సిన పన్నులోంచి మినహాయించుకునే వీలు దొరికింది. లాభాన్ని బావి దగ్గర చూపడమే కంపెనీకి మేలైంది.

ఇక అమ్మకం వైపు చూడండి. విశాఖలోనే తయారైన కిరోసిన్‌కు ధర కట్టేటప్పుడు దాన్ని విదేశీ రేవు నుంచి దిగుమతి చేసుకుంటే ఎంత అవుతుందో, ఓడ కిరాయి, బీమా, సుంకంతో సహా లెక్కించేవారు. దీన్ని దిగుమతి సమాన ధర అంటారు. కాబట్టి మార్జిన్‌కు రెండు వైపులా ఉన్న ధరలు రెండూ విశాఖ బయట తయారైనవే. 1950లలోని రిఫైనరీ లాభాన్ని చూసి శుద్ధి వ్యాపారం బాగుందనో బాగులేదనో తీర్పు చెప్పడం నా దృష్టిలో అర్థం లేని పని. అప్పటి మార్జిన్ ఒక పద్దు రాత మాత్రమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ముడిచమురు అమ్మే కంపెనీ, దాన్ని శుద్ధి చేసే కంపెనీ ఒకే యాజమాన్యం కింద ఉన్నప్పుడు ప్రకటిత మార్జిన్‌ను చరిత్రకారుడు ఎందుకు జాగ్రత్తగా చదవాలి?

1960: వద్దన్న ముడిచమురు

ఈ పద్దు రాతను బయటపెట్టింది ఒక సోవియట్ ప్రతిపాదన. అప్పటి గనులు, చమురు శాఖ మంత్రి కె.డి. మాలవీయ విదేశీ కంపెనీల పట్టు నుంచి చమురు రంగాన్ని విడిపించాలని పట్టుదలగా ఉన్నారు. 1960లో సోవియట్ యూనియన్ చౌక ధరకు, రూపాయల్లో చెల్లింపుకు ముడిచమురు ఇస్తామంది. దేశంలో శుద్ధి సామర్థ్యం దాదాపు పూర్తిగా విదేశీ కంపెనీల చేతిలో ఉంది. ప్రభుత్వం ఆ చమురును శుద్ధి చేయమని మూడు కంపెనీలనూ అడిగింది. మూడూ కాదన్నాయి. ముడిచమురు ఎక్కడి నుంచి తేవాలో తేల్చుకునే హక్కు ఒప్పందం ప్రకారం తమదే అన్నాయి.

చట్టం దృష్ట్యా వాళ్ల మాట చెల్లింది. లెక్కల దృష్ట్యా మాత్రం వాళ్లు ఒక నిజం ఒప్పుకున్నట్టయింది. కేవలం శుద్ధి చేసి బతికే రిఫైనరీకి చౌక ముడిచమురు వస్తే పండగే, మార్జిన్ పెరుగుతుంది కాబట్టి. దాన్ని వద్దనుకున్న రిఫైనరీ అసలు వ్యాపారం శుద్ధి కాదు, తన యజమాని బావిలోని చమురుకు దారి చూపడం. ప్రతిపాదన వల్ల లాభం లేకపోలేదు. పోటీ ధర బల్ల మీదికి వచ్చాక కంపెనీలు తమ ముడిచమురు మీద కొంత రాయితీ ఇవ్వక తప్పలేదు. అదే సంవత్సరం ఆగస్టులో కంపెనీలు పశ్చిమాసియా ప్రకటిత ధరలను తగ్గించడంతో ఆదాయం పోగొట్టుకున్న దేశాలు సెప్టెంబరులో బాగ్దాదులో కూడి ఒపెక్‌ను స్థాపించాయి. ధర తగ్గింపు మనకు మేలు, వారికి నష్టం. ఈ రెండు అనుభవాలూ ఒకే నెలల్లో జరిగాయని గుర్తుంచుకోవాలి.

భారత ప్రభుత్వం సొంత రిఫైనరీల దారి పట్టింది. రుమేనియా సాయంతో గౌహతి 1962లో, సోవియట్ సాయంతో బరౌనీ 1964లో మొదలయ్యాయి. దామ్లే, తాలూక్దార్, శాంతిలాల్ షా కమిటీలు వరుసగా కూర్చుని దిగుమతి సమాన ధరలోని మినహాయింపులను తరిచి చూశాయి.

బ్యారెల్ కలగలిసి వస్తుంది

శుద్ధి వ్యాపారంలో మరో చిక్కుంది. వేరుశనగ గానుగాడిస్తే నూనె, పిండి రెండూ వస్తాయి, నూనె ఒక్కటే కావాలంటే కుదరదు. బ్యారెల్ కూడా అంతే. 1960లలో మన దేశానికి కావలసింది దీపాలకు కిరోసిన్, లారీలకు, పొలాల్లోని ఆయిల్ ఇంజన్లకు డీజిల్. రైలు మార్గం లేని చంద్రశేఖరపురం వైపు సరుకంతా రోడ్డు మీదే రావాలి, లారీ నడవనిదే ఏదీ చేరదు. కార్లు తక్కువ కాబట్టి పెట్రోలు, నాఫ్తా మిగిలిపోయేవి. మిగిలిన సరుకుకు ధర రాకపోతే మొత్తం బ్యారెల్ మార్జిన్ పడిపోతుంది.

విశాఖలో దీనికి దొరికిన పరిష్కారం ఎరువు. రిఫైనరీ పక్కనే కోరమాండల్ ఫెర్టిలైజర్స్ కర్మాగారం 1967లో ఉత్పత్తి ప్రారంభించింది. కాల్టెక్స్ నాఫ్తా దానికి ముడిసరుకు. దాని స్థాపకుల్లో కాల్టెక్స్ సగం యజమాని అయిన కాలిఫోర్నియా కంపెనీ అనుబంధ సంస్థ కూడా ఉంది. హరిత విప్లవం ఎరువుల గిరాకీ పెంచిన సమయమది. దీపానికి నూనె కావాలన్న గిరాకీ ఇలా చుట్టు తిరిగి పొలంలోకి ఎరువు బస్తాగా చేరింది.

1973 తరువాత: మార్జిన్ లేని పాతికేళ్లు

1973 అక్టోబరు మొదట్లో బ్యారెల్ సుమారు 3 డాలర్లున్న అరేబియన్ లైట్ ప్రకటిత ధర 1974 జనవరికి 11.65 డాలర్లయింది. ధర పెట్టే అధికారం కంపెనీల నుంచి ఉత్పత్తి దేశాలకు పోయింది. చవక చమురుకు దారి చూపడమే విదేశీ రిఫైనరీల పని అనుకుంటే, ఆ పనికి ఇక విలువ లేదు. 1974లో ఎస్సో భారతీయ వ్యాపారం ప్రభుత్వపరమై హెచ్‌పీసీఎల్‌గా మారింది. 1976లో బర్మా-షెల్, ఆ ఏడాది చివర కాల్టెక్స్ పరిహారంతో ప్రభుత్వ అధీనంలోకి వచ్చాయి. 1978లో విశాఖ రిఫైనరీ హెచ్‌పీసీఎల్‌లో విలీనమైంది. 25 ఏళ్ల హామీ గడువు ఇంకా తీరలేదు, కాని దాన్ని పట్టుకుని వేలాడటానికి కంపెనీలకూ కారణం మిగల్లేదు.

1977 డిసెంబరు నుంచి పాలిత ధరల విధానం అమలైంది. రిఫైనరీకి అయ్యే ఖర్చు లెక్కగట్టి, దాని మీద నికర విలువకు పన్ను పోను 12 శాతం రాబడి కలిపి, ఆ మేరకు ధర ఇచ్చేవారు. ప్రపంచ మార్కెట్‌లో మార్జిన్ పెరిగినా తగ్గినా రిఫైనరీకి తేడా లేదు. తేడా అంతా ఆయిల్ పూల్ ఖాతాలోకి పోయేది. పెట్రోలు మీద ఎక్కువ వసూలు చేసి కిరోసిన్, వంటగ్యాసు ధరలను తగ్గించేవారు.

ఈ విధానాన్ని వృథా అని కొట్టిపారేయడం తేలిక. 1985లో విశాఖ సామర్థ్యం 45 లక్షల టన్నులకు పెరిగింది ఈ విధానంలోనే. రేషను కిరోసిన్ లేకపోతే ఎనభైలలో మెట్ట పల్లెల పిల్లలు చదువుకున్న లాంతరు లేదు. అయితే లోపం కూడా కళ్లకు కట్టింది. డీజిల్‌కంటే కిరోసిన్ బాగా చౌక కావడంతో రేషను నూనె లారీ ట్యాంకుల్లోకి పోయింది. గుర్తుపట్టేందుకు నీలిరంగు కలిపినా ఆగలేదు. ఆనాటి కిరోసిన్ వాడకం గణాంకాలన్నింటినీ దీపపు గిరాకీగా చదివితే పొరపాటు పడతారు.

1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై చెలరేగిన మంటల్లో దాదాపు 60 మంది చనిపోయారు. కార్మికులు, ఉద్యోగులు ఆ మృతుల్లో ఉన్నారు. మార్జిన్‌లోంచి పోవలసిన ఖర్చుల్లో భద్రత కూడా ఒకటని ఏ పాఠ్యపుస్తకపు నిర్వచనంలోనూ విడిగా రాయరు.

లాభం ఒక జేబులో, నష్టం ఇంకో జేబులో

1998లో రిఫైనరీలను ఖర్చుపై రాబడి పద్ధతి నుంచి తప్పించి మళ్లీ దిగుమతి సమాన ధర కిందికి తెచ్చారు. 2002 ఏప్రిల్ 1న పాలిత ధరల విధానం రద్దయింది. మార్జిన్ తిరిగి నిజమైన అంకె అయింది, సింగపూర్ మార్కెట్ ధరలు దానికి కొలబద్ద అయ్యాయి. 1999లో రిలయన్స్ జామ్‌నగర్‌లో మొదలుపెట్టినలాంటి రిఫైనరీలు అడుగున మిగిలే బరువు నూనెను కూడా డీజిల్‌గా విరగ్గొట్టగలవు. అందుకే చౌక, మురికి ముడిచమురు కొని ఖరీదైన సరుకు అమ్ముకున్నాయి. ఫర్నేస్ ఆయిలు ఎక్కువ మిగిలే పాత విశాఖ యూనిట్లకు అది సాధ్యం కాలేదు.

బంకు ధర మాత్రం పూర్తిగా స్వేచ్ఛ పొందలేదు. పెట్రోలు మీద నియంత్రణ 2010 జూన్‌లో, డీజిల్ మీద 2014 అక్టోబరులో కాగితం మీద పోయింది. ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక డీజిల్ కొరత వచ్చి, జూన్‌లో సింగపూర్ మార్జిన్ బ్యారెల్‌కు 20 డాలర్లు దాటింది. హెచ్‌పీసీఎల్ రిఫైనరీ విభాగం ఆ అంతర్జాతీయ ధరకే తన సొంత మార్కెటింగ్ విభాగానికి డీజిల్ ఇచ్చినట్టు లెక్క రాసుకుంది. మార్కెటింగ్ విభాగం మాత్రం 2022 ఏప్రిల్ నుంచి కదలకుండా ఉన్న ధరకు బంకుల్లో అమ్మింది. రిఫైనరీ జేబులో కనిపించిన లాభం, బంకు జేబులో అంతకు మించిన నష్టంగా పోయింది. వంటగ్యాసు నష్టానికి ప్రభుత్వం మూడు కంపెనీలకు కలిపి 22,000 కోట్లు ఇచ్చింది. మరుసటి ఏడాది, మార్జిన్ 9.08 డాలర్లకు దిగినప్పుడు, కంపెనీ 14,694 కోట్ల లాభం చూపింది.

1957లో కాల్టెక్స్ లాభాన్ని బావి దగ్గర దాచింది. 2022లో ప్రభుత్వరంగ సంస్థ నష్టాన్ని బంకు దగ్గర మోసింది. రెండుసార్లూ శుద్ధి మార్జిన్ అనే అంకె, కంపెనీ పద్దును ఎక్కడ కోశారన్న దానిమీదే ఆధారపడింది. చంద్రశేఖరపురం రైతు 2022 వేసవిలో ప్రపంచ ధర కట్టలేదు. ఆ తరువాత ముడిచమురు తగ్గినప్పుడు తగ్గుదలా అతనికి పూర్తిగా అందలేదు. ఇది న్యాయమా కాదా అన్నది మీరు చర్చించదగిన ప్రశ్న. నా మటుకు మొదటి సగాన్ని సమర్థిస్తాను, రెండో సగానికి మాత్రం గడువు ఉండాలంటాను.

ఇంకొక పోలిక ఉంది. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రెండు శాతం కూడా లేని రష్యా ముడిచమురు 2023 నాటికి మూడో వంతు దాకా చేరింది. హెచ్‌పీసీఎల్ కూడా కొన్నది. 1960లో కాల్టెక్స్ వద్దన్న దేశపు చమురును, దాని వారసురాలైన సంస్థ రాయితీ కోసం తెచ్చుకుంది.

గిరాకీ ఎటు పోతోంది?

2019లో ప్రపంచం రోజుకు సుమారు 10 కోట్ల బ్యారెళ్లు వాడింది. కొవిడ్ వల్ల 2020లో దాదాపు 90 లక్షల బ్యారెళ్లు తగ్గింది. 2024లో 10.3 కోట్లకు చేరింది. ఇకముందు ఏమిటన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. 2030 నాటికి 10.5 కోట్ల దగ్గర గిరాకీ నిలిచిపోతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025 జూన్ నివేదిక అంచనా. అదే సంస్థ నవంబరులో, ప్రస్తుత విధానాలే సాగితే 2050కి 11.3 కోట్లు కావచ్చని మరో దృశ్యాన్నీ చూపింది. ఒపెక్ అంచనా 2050కి 12.3 కోట్లు. ఈ అంకెలను భవిష్యవాణిగా కాక, చెప్పేవారి ప్రయోజనాలతో కలిపి చదవాలి. ఒపెక్ అమ్మేవారి సంఘం, ఇంధన సంస్థ 1973 సంక్షోభం తరువాత కొనే దేశాలు పెట్టుకున్నది.

భారతదేశం విషయంలో మాత్రం ఇద్దరి మాటా దగ్గరగా ఉంది. 2030 దాకా ప్రపంచంలో అతిపెద్ద పెరుగుదల ఇక్కడేనని ఇంధన సంస్థ 2024లో చెప్పింది. ఆ నమ్మకంతోనే విశాఖ సామర్థ్యాన్ని ఏడాదికి 1.5 కోట్ల టన్నులకు పెంచారు. 1957 నాటికి అది 22 రెట్లు. అడుగు నూనెను విరగ్గొట్టే యూనిట్ ఆ విస్తరణలో కీలకం. 2020 జనవరి నుంచి ఓడల ఇంధనంలో గంధకం 0.5 శాతం మించకూడదన్న నిబంధన వచ్చాక ఫర్నేస్ ఆయిలు నమ్ముకున్న రిఫైనరీకి మనుగడ లేదు.

ప్రకాశం వైపు చూస్తే లెక్క మరీ సూటిగా లేదు. లాంతరు పోయింది. 1999లో మొదలైన దీపం పథకంతో వంటింట్లోకి గ్యాసు వచ్చింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు రావడంతో ఆయిల్ ఇంజను మూలపడింది. కాని నీరు లోతుకు పోయినకొద్దీ బోరు వేసే రిగ్గు తాగే డీజిల్ పెరిగింది, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు పెరిగాయి. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం 2025లో సాధ్యమైంది కాబట్టి అమ్మే ప్రతి అయిదు లీటర్లలో ఒక లీటరు ఇప్పుడు రిఫైనరీది కాదు.

2022 దాకా ప్రకాశం జిల్లాలోనే ఉండి ఆ ఏడాది నెల్లూరులో కలిసిన రామాయపట్నం దగ్గర కొత్త రిఫైనరీ, పెట్రోకెమికల్ సముదాయం కోసం భారత్ పెట్రోలియం బోర్డు 2024 డిసెంబరులో సుమారు 6,100 కోట్ల ప్రాథమిక వ్యయాన్ని ఆమోదించింది. పెట్రోకెమికల్ అన్న మాట గమనించండి. డీజిల్ గిరాకీ తగ్గినా ప్లాస్టిక్ గిరాకీ నిలుస్తుందన్న లెక్క అందులో ఉంది. నాలుగు నెలలు తిరక్కుండానే, 2025 ఏప్రిల్ 2న, చంద్రశేఖరపురం ఉన్న కనిగిరి నియోజకవర్గంలోనే, పీసీపల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ జీవవాయువు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. బీడు నేలల్లో నేపియర్ గడ్డి పెంచి వాయువు తీయాలన్నది ప్రణాళిక. ఒకటి పశ్చిమాసియా ముడిచమురు మీద, మరొకటి కనిగిరి వానల మీద ఆధారపడేవి. రిఫైనరీ ఒకసారి కడితే నలభై ఏళ్లు నడవాలి, గడ్డి ఏటా కోతకు రావాలి.